ఆ పది పాయింట్లు ఉండనివ్వండి

పోయిన సోమవారం రాత్రి మా వాట్సాప్ గ్రూపులో ఒక పోల్ పెట్టారు. ఫెస్ట్‌లో మేం పెట్టబోయే చిన్న వార్‌హామర్ టోర్నమెంట్‌లో పెయింట్ పాయింట్లు ఉంచాలా, తీసేయాలా అని. మా కాలేజీలో ఈ ఆట ఆడేవాళ్ళం మొత్తం తొమ్మిదిమందిమి. ఇది రాసే టైమ్‌కి తీసేయాలన్నవాళ్ళు ఐదుగురు, ఉంచాలన్నవాళ్ళు ఇద్దరు. మిగతా ఇద్దరూ ఇంకా ఓటు వెయ్యలేదు. ఉంచాలన్న ఇద్దరిలో నేనొకణ్ణి. తమాషా ఏంటంటే, ఏడాది కింద ఇదే పోల్ పెట్టుంటే తీసేయాలని పడే మొదటి ఓటు నాదే అయ్యేది.

గ్రూపులో టైప్ చేస్తే రెండో లైనుకే మీమ్స్ మొదలవుతాయి. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇంగ్లీష్ మీడియం తెలుగు, కొంచెం సర్దుకుపోండి.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. వార్‌హామర్ 40,000 అంటే టేబుల్ మీద చిన్న చిన్న బొమ్మలతో ఆడే యుద్ధం ఆట. గేమ్స్ వర్క్‌షాప్ అనే బ్రిటిష్ కంపెనీ దీని మొదటి రూల్‌బుక్‌ని 1987లో తెచ్చింది. బొమ్మ సైనికులకి రూల్స్ పెట్టి ఆడడం అంతకన్నా పాతదే. సైన్స్ ఫిక్షన్ రాసిన హెచ్.జి. వెల్స్ 1913లోనే 'లిటిల్ వార్స్' పేరుతో దానికో పుస్తకం రాశాడు. ఇక మన ఆటకొస్తే, ప్రతి యూనిట్‌కీ ఇన్ని పాయింట్లని ఒక ధర ఉంటుంది. టోర్నమెంట్లలో మామూలుగా ఇద్దరూ చెరో 2000 పాయింట్ల సైన్యం తెచ్చుకుంటారు. 44 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు ఉన్న టేబుల్ మీద టేపుతో కొలిచి బొమ్మల్ని జరుపుతారు, డైస్ వేసి కొట్టుకుంటారు. ఒక్క మ్యాచ్‌కి మూడు గంటలు ఇట్టే అయిపోతాయి.

బొమ్మలు తయారుగా రావు. బూడిదరంగు ప్లాస్టిక్ ఫ్రేముల్లో చేతులు, కాళ్ళు, తలలు విడివిడిగా వస్తాయి. కత్తిరించాలి, అంచులు గీకాలి, అతికించాలి, రంగులెయ్యాలి. స్కోరు 100కి. అందులో 90 ఆటలో సంపాదించుకోవాలి. మిగతా 10 సైన్యం మొత్తానికీ రంగులేసుంటే వస్తాయి. 'మొత్తం' అంటే మొత్తమే. ఒక్క బొమ్మ బూడిదరంగులో మిగిలినా ఆ పదీ పోయినట్టే.

గొడవంతా ఈ పది పాయింట్ల గురించే. మావాడొకడు గ్రూపులో అడిగాడు: "రేయ్, జెర్సీ ఇస్త్రీ చేసుకొచ్చారని క్రికెట్ టీమ్‌కి పది రన్స్ ఇస్తారా?" నవ్వొచ్చింది. కానీ ప్రశ్న మంచిదే. దానికి జవాబు చెప్పాలంటే నా కథ కొంచెం చెప్పాలి.

నా సైన్యం నేను కొన్నది కాదు. డల్లాస్‌లో ఉండే మా పిన్ని కొడుకు, అంటే మా అన్నయ్య, ఇంట్లో పెళ్ళికొచ్చినప్పుడు సగం అతికించి వదిలేసిన ఆర్క్‌ల సైన్యం మొత్తం నాకిచ్చేసి వెళ్ళాడు. ఆర్క్‌లంటే ఈ ఆటలో ఆకుపచ్చ చర్మం, కోరపళ్ళు, బుర్ర తక్కువ బలం ఎక్కువ బ్యాచ్. బండికి ఎర్రరంగు వేస్తే వేగంగా పోతుందని వాళ్ళ గట్టి నమ్మకం. వాళ్ళు నమ్మారు కాబట్టి అది నిజంగానే వేగంగా పోతుందని కథ. రంగుకీ ఆటకీ సంబంధం లేదని వాదించడానికి ఇంతకన్నా తప్పు సైన్యం ఉండదు. అయినా నేను వాదించాను.

రంగులెయ్యడం యూట్యూబ్ చూసి నేర్చుకున్నా. మొదటి తప్పు జూలైలో జరిగింది. వాన వెలిసిన సాయంత్రం హాస్టల్ టెర్రస్ మీదికెళ్ళి ఇరవై బొమ్మలకి ఒకేసారి ప్రైమర్ స్ప్రే కొట్టాను. మన కోస్తా ఉక్కపోత సంగతి తెలిసిందే కదా. గాలిలో తేమకి ప్రైమర్ నున్నగా పరుచుకోకుండా ఉప్పు చల్లినట్టు గరగరలాడుతూ ఆరింది. ఇరవై బొమ్మల్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మళ్ళీ మొదటికొచ్చాను. ఆ తర్వాత స్ప్రే మానేసి ప్రైమర్‌ని బ్రష్‌తోనే వేశాను.

వేసవిలో ఇంకో సమస్య. బ్రష్ మీదే రంగు ఆరిపోతుంది. దానికి టిఫిన్ బాక్స్ మూతలో తడి టిష్యూ, దానిమీద బటర్ పేపర్ పరిచి, రంగుల్ని దానిమీద కలుపుకోవడం నేర్చుకున్నా. బేస్‌లకి ఫెవికాల్ రాసి, మీద సన్న ఇసుక చల్లాలి. ఇసుక జల్లించడానికి ఇంట్లో టీ వడకట్టేది వాడాను. అమ్మ ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటుంది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెడుతూ "ఆ రాక్షసుల్ని మాత్రం ఈ మెట్ల దరిదాపులకి తేకు నాన్నా" అంది.

మొత్తం 94 బొమ్మలు. ఒక్కో బొమ్మకి సగటున గంటన్నర పట్టింది. హాస్టల్లో "బొమ్మలకి రంగులేసుకుంటున్నాడు మామా" అని వీడియోలు తీశారు. ఐదు నెలల్లో 88 అయ్యాయి. ఆరు మిగిలాయి.

ఆ ఆరుతోనే హైదరాబాద్‌లో ఒక చిన్న టోర్నమెంట్‌కి వెళ్ళాను. బొమ్మలు బస్సులో విరిగిపోకుండా బేస్‌ల కింద చిన్న మాగ్నెట్లు అతికించి, అమ్మమ్మవాళ్ళ పాత ఇనప ట్రంకుపెట్టెలో నిలబెట్టాను. ముందు ఇంట్లో స్టీలు డబ్బాలన్నీ ప్రయత్నించా, మా స్టీలుకి మాగ్నెట్ అంటుకోలేదు. రాత్రి బస్సు, పక్క సీటాయన పెట్టెలో ఏముందని అడిగితే ప్రాజెక్ట్ అని చెప్పా.

రెండో మ్యాచ్‌లో నాకెదురుగా బ్యాంకులో పనిచేసే ఒకాయన వచ్చారు. "అంకుల్" అంటే "అన్నా అను తమ్ముడూ, ఇక్కడందరం ఒకటే" అన్నారు. ఆయనది నెక్రాన్ల సైన్యం, లోహపు అస్థిపంజరాలు. ఆట చివరికి స్కోరు 61–66. ఓడిపోయాను. ఆయన 66లో పెయింట్ పది ఉన్నాయి. నా 61లో లేవు. రంగుల లెక్క పక్కన పెడితే 61–56, గెలిచింది నేను. చెవుల్లోంచి పొగలొచ్చాయి.

నా మొహం చూసి ఆయనకి అర్థమైనట్టుంది. బొమ్మలు సర్దుకుంటూ నా ఆరు బూడిదరంగు బొమ్మల్ని చూపించి, "మిగతావన్నీ ఇంత బాగా వేశావ్. ఈ ఆరూ ఎందుకు మిగిలిపోయాయి?" అని అడిగారు. టైమ్ సరిపోలేదని చెప్పాను.

అది అబద్ధం. తిరుగు బస్సులో కూర్చున్నాక నాకు నేను ఒప్పుకున్న నిజం ఇది: ఆ ఆరూ మెగానాబ్స్ అనే బరువైన కవచాల ఆర్క్‌లు. అన్నయ్య ఇచ్చినవి కావు. టోర్నమెంట్‌కి మూడు వారాల ముందు, ఆన్‌లైన్‌లో గెలుస్తున్న లిస్టుల్లో అవే కనిపిస్తున్నాయని, దాచుకున్న డబ్బులు పెట్టి రెండు పెట్టెలు కొన్నాను. వాటికోసం అప్పటికే రంగులేసిన ముప్పై బొమ్మల్ని లిస్టులోంచి తీసి ఇంట్లో వదిలేద్దామని కూడా అనుకున్నా. లెక్క కుదరక ఆగాను గానీ, లేకపోతే వదిలేసేవాణ్ణే. అంటే నా పది పాయింట్లు పోయింది రూల్ వల్ల కాదు. చేతిలో ఉన్న పని అయ్యేలోపే ఇంకోదాని వెనక పరిగెత్తినందుకు పోయాయి.

ఇక జెర్సీ ప్రశ్నకి నా జవాబు. క్రికెట్‌లో జెర్సీని ప్రతి మూడు నెలలకీ మార్చాల్సిన పన్లేదు. ఈ ఆటలో పాయింట్లు ఏడాదికి చాలాసార్లు మారతాయి. రూల్‌బుక్ కూడా 2017లో, 2020లో, 2023లో కొత్త ఎడిషన్‌కి మారింది. ఈరోజు బలమైన యూనిట్ వచ్చే సెమ్‌కి మామూలుదైపోతుంది. పెయింట్ లెక్కే లేకపోతే డబ్బున్నవాడు ప్రతి అప్‌డేట్‌కీ కొత్త పెట్టె కొని, అతికించి, మర్నాడు టేబుల్ మీద పెట్టేస్తాడు. లేనివాడు చూస్తూ కూర్చోవాలి. రంగు ఆ పరుగుకి ఒక స్పీడ్ బ్రేకర్. ఒక సైన్యానికి 130 గంటలు పెట్టినవాడు దాన్ని అంత తేలిగ్గా వదలడు. ఆ సైన్యంతోనే ఓడతాడు, దాంతోనే నేర్చుకుంటాడు, ఏ యూనిట్ ఎక్కడ పనికొస్తుందో చేతికి తెలిసేదాకా ఆడతాడు.

రెండో విషయం, చాలామంది తప్పుగా అనుకునేది. ఆ పది పాయింట్లు అందానికిచ్చేవి కావు. ముఖ్యమైన భాగాలకి రంగులుండాలి, బేస్ మీద ఏదో ఒక ఫినిషింగ్ ఉండాలి, అంతే. బాగా వేసినవాళ్ళకి ప్రైజ్ ఇవ్వాలంటే అది వేరే. నన్ను ఓడించినాయన నెక్రాన్లలో కొన్నిటి మీద బ్రష్ గీతలు కనిపిస్తున్నాయి. కొన్ని చాలా నీట్‌గా ఉన్నాయి. మొదట వేసినవేవో, తర్వాత వేసినవేవో టేబుల్ ఇవతల నుంచే చెప్పొచ్చు. అయినా ఆయనకీ పదే, ఎంత గొప్ప ఆర్టిస్టుకైనా పదే. అవి టాలెంట్‌కి పడే మార్కులు కావు, పని పూర్తిచేసినందుకు పడేవి.

ఇక్కడ కొంచెం పక్కకెళ్తా. నా గిట్‌హబ్‌లో పదకొండు రిపోలున్నాయి. తొమ్మిది సగంలో ఆగినవే. ఫస్ట్ ఇయర్‌లో సీనియర్లు వెబ్ డెవలప్‌మెంట్ అన్నారు, మొదలుపెట్టా. ఆర్నెల్లకి డేటా సైన్స్ అన్నారు, దాన్నాపి ఇది మొదలుపెట్టా. ఇప్పుడందరూ ఏఐ ఏజెంట్లంటున్నారు. ప్రతిసారీ సలహా మంచిదే, మార్కెట్ నిజంగానే మారుతోంది. కానీ మొన్న మాక్ ఇంటర్వ్యూలో "నువ్వు మొదటినుంచి చివరిదాకా చేసింది ఒకటి చూపించు" అంటే నా దగ్గర చూపించడానికి ఏం లేదు. మనసులో మెదిలింది ఆ 88 ఆర్క్‌లే, కానీ వాటిని రెజ్యూమెలో పెట్టలేను కదా.

అభ్యంతరాలు నాకూ తెలుసు. డబ్బులిచ్చి వేరేవాళ్ళతో రంగులేయించుకున్నా పది పాయింట్లూ వస్తాయి. అది ఈ రూల్‌లో ఉన్న కన్నమే, నా దగ్గర మందు లేదు. తొమ్మిదిమందిలో మనకి తెలియకుండా ఎవరూ ఆ పని చెయ్యలేరన్నదొక్కటే ధైర్యం. చూపు సమస్యో, చెయ్యి వణకడమో ఉన్నవాళ్ళకి ఈ రూల్ అన్యాయం. వాళ్ళకి మినహాయింపు ఇవ్వాలి, అదీ నలుగురిలో సంజాయిషీ అడక్కుండా ఇవ్వాలి. ఇక ఖర్చు. పది బొమ్మల పెట్టె నాలుగు వేలకి అటూ ఇటూ అవుతుంటే, పైన రంగులు, బ్రష్‌లు కూడానా అని మన గ్రూపులో ఇద్దరు అడిగారు. వాళ్ళు అడిగింది నిజం. మనలో సగంమంది 3డి ప్రింట్ బొమ్మలతో ఆడుతున్నది అందుకే.

కాబట్టి నేననేది ఇది. ఫెస్ట్‌లో 2000 పాయింట్లొద్దు, 1000 చాలు. సైన్యం సగం, రంగులెయ్యాల్సిన బొమ్మలూ సగం. ప్రింట్ బొమ్మలకి కూడా పెయింట్ పాయింట్లివ్వాలి, అఫీషియల్ ఈవెంట్లలో అవి ఒప్పుకోకపోయినా మన టేబుల్ మీద మన ఇష్టం. మొదటిసారి ఆడేవాళ్ళకి ఈ లెక్కే వద్దు, బూడిదరంగుతోనే ఆడనిద్దాం. మిగతా అందరికీ ఆ పది పాయింట్లు ఉండనివ్వండి.

రంగులు లేవనే మాట మాత్రం వద్దు, నా దగ్గరున్నాయి. ఇప్పటినుంచి ఫెస్ట్ దాకా ప్రతి శనివారం రాత్రి భోజనాలయ్యాక మూడో ఫ్లోర్ చివరి రూమ్ తెరిచే ఉంటుంది. మీ బొమ్మలు, ఒక టిఫిన్ బాక్స్ మూత తెచ్చుకోండి. ఆడనివాళ్ళు కూడా రావచ్చు, పట్టుకోవడానికి ఒక ఆర్క్‌నిస్తా.

మెగానాబ్స్ సంగతి చెప్పడం మర్చిపోయా. తర్వాతి అప్‌డేట్ వచ్చేసరికి ఆన్‌లైన్ లిస్టుల్లో ఇంకేవో నడుస్తున్నాయి. మొన్న సెలవుల్లో కూర్చుని ఆరింటికీ రంగులేశాను. కవచాలకి ఎరుపు వేశా. వేగంగా నడుస్తాయేమో ఫెస్ట్‌లో చూద్దాం. పోల్ ఆదివారం ముగుస్తుంది.