సెలవులకు నూలెంత?

వేసవి సెలవులు సమీపించినతోడనే వసతిగృహపు బాలికలు పెట్టెలు సర్దుకొనుచు, లేసు అల్లికకు నూలుండ లెన్ని కొనిపోవలెనా యని తర్కించుట కద్దు. ఒకతె నాలు గనును. వేరొకతె యా రనును. ఒక్క యుండ చాలునని మా యభిప్రాయము.

గుంటూరు, ప్రకాశము మైదానములలో సెలవు లనగా ఖాళీ దినములు కావు. ఏప్రిలు మాసమున కల్లములందు మిరపకాయ యింకను ఎండుచుండును. తల్లులు తాలుకాయ లేరుచు, తొడిమలు తీయుచుందురు. కారము పట్టిన చేతితో తెల్లనూలు ముట్టిన మరక యగును. అట్లని తల్లి కల్లమున నుండగా కుమార్తె నీడపట్టున లేసు అల్లుచుండుట తగునా?

అల్లికను "తీరిక పని" యనుటయు నాలోచింపదగినది. పందొమ్మిదవ శతాబ్దమున నరసాపుర ప్రాంతమున మిషనరీలు నేర్పిన లేసు పని వేలకొలది స్త్రీలకు జీవనాధార మైనది. అయినను అది యిల్లాండ్ర తీరిక పనిగా నెంచబడుటచేత వారికి ముట్టిన కూలి మిక్కిలి స్వల్పమని మరియా మీస్ అను జర్మను విదుషి 1982వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున వివరించెను. పేరు మార్చినంతమాత్రమున శ్రమకు వెల తగ్గరాదు.

అభ్యాసము తప్పునేమో యని ఉపాధ్యాయురాండ్రు శంకింపవచ్చును. దినమున కరగంట యల్లినను నేర్పు చెడదు.

కావున సోదరీమణులారా, నూలుండలకంటె ముందు మీ దినములను లెక్కింపుడు. తల్లికి తోడ్పడి, చదువుకొని, విశ్రమించిన పిమ్మట మిగులు కాలమునకు సరిపడు పనినే పెట్టెలో నుంచుకొనుడు. బడి తెరచునాటికి ముగించిన లేసు ఒక్కటి తెచ్చిన చాలును.