మర్యాద పేరిట ఆరు చెంచాలు

మా నారాయణఖేడులో ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళకన్న ముందే నల్లని కూల్‌డ్రింకు గ్లాసు చేతికి వస్తున్నది. వద్దంటే గృహస్థు ముఖం చిన్నబోతుంది. మధుమేహమున్న నాకూ ఇదే మర్యాద!

"ఒక్క గ్లాసుకేమవుతుంది సార్?" అంటాడు నా పూర్వవిద్యార్థి. పావులీటరులో ఇంచుమించు 25 గ్రాముల చక్కెర, అనగా ఆరు చెంచాలు. పెద్దవారికైనా రోజుకు అంతకు మించకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆరు చెంచాలు వేసి టీ ఇస్తే వాడు తాగుతాడా? పైగా తాగిన చక్కెర ఆకలి తీర్చదు. తినే జొన్నరొట్టెలు తింటూనే ఉంటాము, నడుము పెరుగుతూనే ఉంటుంది.

సోడాకు నేను శత్రువును కాను. చక్కెర కలపని గోలీసోడాలో ఉన్నది నీళ్ళూ, బొగ్గుపులుసు వాయువూను.

మొన్న వాడు నాలుగేళ్ళ కూతురికీ ఒక గ్లాసు నింపాడు. దానిని నేనే తీసుకొని వాకిట్లో పారబోశాను. వాడికి కోపం వచ్చింది. రానివ్వండి. మజ్జిగ పోస్తే మళ్ళీ వెళ్తాను.