ప్రసంగం ఒకరిది, సంతకాలు అందరివి

మతకల్లోలం జరిగిన ప్రతిసారీ మనం ఒకే మాట అనుకుని ఊరుకుంటాం. "నాయకులు రెచ్చగొట్టారు, అమాయకులైన జనం రెచ్చిపోయారు." ఇందులో మొదటి సగం చాలాసార్లు నిజమే. రెండో సగాన్ని మాత్రం ఎవరూ తనిఖీ చెయ్యరు. నాయకుడు మైకు ముందు మాట్లాడేది పది నిమిషాలో, అరగంటో. ఆ తర్వాత ఆ మాటను ఇంటింటికీ మోసేది, చప్పట్లు కొట్టేది, చందా ఇచ్చేది, ఓటు వేసేది మనమే. "అమాయక జనం" అనేది మనకు మనం రాసిచ్చుకున్న మంచి నడవడిక సర్టిఫికెట్.

నేను ఉద్యోగం చేసింది రక్షణ శాఖ లెక్కల్లో. అక్కడ ఒక్కడి సంతకంతో ఒక్క రూపాయి కూడా బయటికి రాదు. బిల్లు పెట్టేవాడొకడు, సరిచూసేవాడొకడు, పాస్ చేసేవాడొకడు. దొంగబిల్లు పాసయిందని తేలితే, బిల్లు పెట్టినవాడి దగ్గరే విచారణ ఆగిపోదు. దాని మీద ఇంకా ఎవరెవరు సంతకాలు పెట్టారో చూస్తారు. విద్వేష ప్రసంగాలను కూడా అలాగే చూడాలన్నది నా వాదన.

మా లింబాయత్ లో తెలుగువాళ్ళు బాగా ఉన్నారు. వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి సాంచాల పనికి సూరత్ వచ్చి స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలు ఎక్కువ. మరాఠీలు, ముస్లింలు, యూపీ, బీహార్ల నుంచి వచ్చినవాళ్ళు పక్కపక్క గల్లీల్లోనే ఉంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన మనవాళ్ళ పిల్లల్లో తెలుగు చదవటం రానివాళ్ళు చాలామంది. కానీ హైదరాబాద్ నాయకుల ప్రసంగాలు వాళ్ళ ఫోన్లలోకి కూడా వస్తాయి. కాబట్టి అక్కడి ఇద్దరు నాయకుల ఉదాహరణలు తీసుకుంటాను. ఒక్కరినే తీసుకుంటే "మరి వాళ్ళు అనలేదా?" అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది.

మొదటిది. 2012 డిసెంబర్ లో మజ్లిస్ ఎమ్మెల్యే అక్బరుద్దీన్ ఒవైసీ నిర్మల్ లో మాట్లాడాడు. పోలీసుల్ని పదిహేను నిమిషాలు పక్కకు తప్పిస్తే 25 కోట్ల మందిమి 100 కోట్ల మందికి ఏమిటో చూపిస్తామన్న అర్థం వచ్చే మాటలు అందులోవే. 2013 జనవరిలో అరెస్టు చేశారు. తొమ్మిదేళ్ళకు, 2022 ఏప్రిల్ 13న, హైదరాబాద్ లోని ప్రత్యేక కోర్టు సాక్ష్యాలు చాలవని కొట్టేసింది. ఈ తొమ్మిదేళ్ళలో చాంద్రాయణగుట్ట ఓటర్లు ఆయన్ని 2014లో, 2018లో గెలిపించారు. 2023లో మళ్ళీ గెలిపించారు. ఆ డిసెంబర్ లో కొత్తగా వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం ఆయన్నే అసెంబ్లీకి ప్రొటెం స్పీకర్ ని చేసింది.

రెండోది. గోషామహల్ ఎమ్మెల్యే టి. రాజాసింగ్. విద్వేషపు మాటల కారణంగా 2020 సెప్టెంబర్ లో ఫేస్ బుక్ ఆయన్ని నిషేధించింది. 2022 ఆగస్టులో ప్రవక్త మీద చేసిన వీడియోకు అరెస్టయ్యాడు, బీజేపీ సస్పెండ్ చేసింది, పీడీ యాక్టు కూడా పెట్టారు. నవంబర్ లో హైకోర్టు ఆ పీడీ యాక్టు ఉత్తర్వును కొట్టేసింది. 2023 అక్టోబర్ లో పార్టీ సస్పెన్షన్ ఎత్తేసింది, ఆ రోజే టికెట్ కూడా ఇచ్చింది. డిసెంబర్ లో మూడోసారి గెలిచాడు. 2025లో ఆయన బీజేపీకి రాజీనామా చేశాడు గానీ, అది రాష్ట్ర అధ్యక్షుడి ఎంపిక మీద కోపంతో. పాత మాటల మీద పార్టీకి గానీ ఆయనకు గానీ తేడా వచ్చి కాదు.

రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టి చూడండి. మతం వేరు, పార్టీ వేరు, పద్ధతి ఒకటే. ఒకరి మాటలే ఇంకొకరికి పెట్టుబడి. ఆయన అలా అనకపోతే ఈయన సభకు జనం రారు, ఈయన ఇలా అనకపోతే ఆయన సభకు రారు.

"కోర్టులు ఏం చేస్తున్నాయి?" అని అడగవచ్చు. చట్టం ఉంది. పాత ఐపీసీలో 153ఎ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 196. మతాల మధ్య వైరం పెంచితే మూడేళ్ళ దాకా జైలు. కానీ ఈ నేరం మీద కోర్టు విచారణ చేపట్టాలంటే ముందు ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. పాత సీఆర్పీసీలోనూ ఇంతే, కొత్త చట్టంలోనూ ఇంతే. తనవాడి మీద అనుమతి ఇవ్వటానికి ఏ ప్రభుత్వానికి చెయ్యి వస్తుంది? ఎవరూ ఫిర్యాదు చెయ్యకపోయినా పోలీసులే కేసు పెట్టాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్ లో మూడు రాష్ట్రాలకు చెప్పింది, 2023 ఏప్రిల్ 28న దాన్ని అన్ని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. అయినా కేసు పెట్టటం వేరు, అనుమతి రావటం వేరు, శిక్ష పడటం వేరు.

ఇక అసలు సరుకు సంగతి చూద్దాం. ఈ ప్రసంగాలన్నిట్లో ఒక అంకె ఉంటుంది. వాళ్ళ జనాభా పెరిగిపోతోంది, మనం మైనారిటీ అయిపోతాం అని ఒకరు. మేమింత మందిమి, మమ్మల్ని ఆపలేరు అని ఇంకొకరు. అంకె వినగానే నిజం లాగా అనిపిస్తుంది, అందుకే వాడతారు. లెక్కలు చేసినవాడిని కాబట్టి నాకు మూలం చూడకపోతే నిద్రపట్టదు. 2011 జనాభా లెక్కల్లో ముస్లింలు సుమారు 17 కోట్ల 22 లక్షలు. 25 కోట్లు కాదు. జనాభాలో వాళ్ళ వాటా 2001లో 13.4 శాతం, 2011లో 14.2 శాతం. ఇక పిల్లల సంఖ్య. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ఒక్కో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది, హిందూ స్త్రీకి 3.3 మంది. 2019-21 నాటికి ముస్లింలలో 2.36, హిందువుల్లో 1.94. రెండూ తగ్గాయి, ముస్లింలలో ఇంకా వేగంగా తగ్గింది. తేడా ఒకటికి పైన ఉన్నది అరకు లోపలికి వచ్చింది. ఈ అంకెలు ప్రభుత్వానివే, ఎవరైనా చూసుకోవచ్చు. మరి చూడకుండానే ముందుకు పంపినవాణ్ణి అమాయకుడు అనాలా, సరిచూడకుండా సంతకం పెట్టిన గుమాస్తా అనాలా?

మా సూరత్ కి దీనితో ఏం సంబంధం అంటారేమో. దేశ విభజన నాడు కూడా పెద్దగా గొడవలు జరగని ఊరని సూరత్ కు పేరుండేది. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చాక కొద్ది రోజుల్లోనే ఇక్కడ రెండు వందలకు దగ్గరగా జనం చచ్చిపోయారు. చనిపోయినవాళ్ళలో అత్యధికులు ముస్లింలు. ఆడవాళ్ళ మీద సామూహిక అత్యాచారాలు జరిగాయి. గుజరాత్ కూలీల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన డచ్ సమాజ శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ 1993లో దీని మీద రాసిన వ్యాసానికి "సూరత్ లో ముస్లిం వ్యతిరేక మారణకాండ" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. కర్ఫ్యూలో సాంచాలు ఆగిపోయాయి. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి సాంచా ఆగితే పొయ్యి ఆగినట్టే. వేలాది మంది వలస కూలీలు రైళ్ళెక్కి సొంత ఊళ్ళకు పోయారు. అయోధ్య గురించి ప్రసంగాలు చేసినవాళ్ళెవరూ ఆ కూలి నష్టం కట్టివ్వలేదు.

పత్రికలు కూడా సంతకాలు పెడతాయి. 2002 ఫిబ్రవరిలో గోధ్రా తర్వాత "సందేశ్" అనే గుజరాతీ పత్రిక ఆడవాళ్ళ మీద జరిగిన ఘోరం అంటూ ఒక వార్త వేసింది. అది అబద్ధమని తేలింది. అప్పటి గుజరాత్ పత్రికల తీరును ఎడిటర్స్ గిల్డ్ నిజనిర్ధారణ బృందం తప్పుపట్టింది. కానీ ఆ అబద్ధం చెయ్యాల్సిన పని అప్పటికే చేసేసింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2022 ఆగస్టు 15న, బిల్కిస్ బానో కేసులో యావజ్జీవ ఖైదీలు పదకొండు మందిని విడుదల చేస్తే జైలు బయట మిఠాయిలు తినిపించారు, తర్వాత దండలు వేశారు. ఆ విడుదలను 2024 జనవరి 8న సుప్రీంకోర్టు రద్దు చేసింది. అయితే దండ వేసిన చేతుల మీద ఏ సెక్షనూ లేదు. ఉండాలని కూడా నేను అనను. కానీ అది సంతకం కాదని మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ మనవాళ్ళకు ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. రెచ్చగొట్టేవాడికి శత్రువు కావాలి, ఆ శత్రువు ఫలానా మతంవాడే అవ్వాలని నియమం లేదు. 1966లో బొంబాయిలో శివసేన పుట్టినప్పుడు మొదటి గురి ముస్లింలు కాదు, ఉద్యోగాల కోసం వచ్చిన దక్షిణాదివాళ్ళు. 2018 సెప్టెంబర్ చివర్లో గుజరాత్ లోని సబర్ కాంఠా జిల్లాలో ఒక పసిపాప మీద అత్యాచారం జరిగింది. ఒక బీహార్ కూలీని అరెస్టు చేశారు. అంతే, ఉత్తర గుజరాత్ లో యూపీ, బీహార్ వాళ్ళ మీద దాడులు మొదలయ్యాయి, వేలమంది పారిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది హిందువులే. అప్పుడు కాంగ్రెస్ ఎమ్మెల్యేగా ఉన్న అల్పేశ్ ఠాకోర్ రెచ్చగొట్టాడని ఆరోపణలు వచ్చాయి, ఆయన కాదన్నాడు. 2019లో బీజేపీలో చేరాడు, 2022లో ఆ పార్టీ తరఫునే మళ్ళీ గెలిచాడు. "బయటివాడు" అన్న మాట ఎప్పుడు ఎవరి మీదకు తిరుగుతుందో చెప్పలేం. పొట్టచేతబట్టుకుని పరాయి రాష్ట్రం వచ్చిన తెలుగువాడు ఆ మాటకు చప్పట్లు కొట్టటం, తన ఇంటి చిరునామా తనే రాసివ్వటం.

హేతువాదులుగా మన సంగతి కూడా చూసుకుందాం. ఈ చట్టాలు మన మీద కూడా పడతాయి. అయ్యప్ప మీద మాటలకు 2022 డిసెంబర్ చివర తెలంగాణలో బైరి నరేష్ అరెస్టయ్యాడు. ఏడుస్తున్న శిలువ వెనక కారేది మురుగునీరని చెప్పిన సనల్ ఎడమరుకు 2012లో దేశం విడిచి పోవాల్సి వచ్చింది. అందుకని కఠిన చట్టాలు కావాలని కేకలేసే ముందు మనం గీత ఎక్కడ గియ్యాలో తేల్చుకోవాలి. నమ్మకాన్ని విమర్శించటం, ఎగతాళి చెయ్యటం కూడా, మన హక్కు. నమ్మినవాడి ప్రాణం, ఇల్లు, వ్యాపారం మీద బెదిరింపు మాత్రం ఎవరి హక్కూ కాదు. "మనోభావాలు" కొలిచే తక్కెడ లేదు. కానీ ఫలానావాళ్ళని కొట్టండి, వాళ్ళ దగ్గర కొనకండి, ఇల్లు అద్దెకివ్వకండి అన్న మాటకు అర్థం అందరికీ తెలుస్తుంది.

ఈ గీత చెరిగిపోతే ఏమవుతుందో మనకు తెలుసు. 2013 ఆగస్టు 20న పుణేలో నరేంద్ర దాభోల్కర్, 2015లో పాన్సరే, కల్బుర్గి, 2017లో గౌరీ లంకేశ్. అదే 2017 మార్చిలో కోయంబత్తూరులో ఇస్లాంను వదిలిన నాస్తికుడు ఫారూక్ ని మత ఛాందసులు నరికి చంపారు. దాభోల్కర్ కేసులో 2024 మే 10న ఇద్దరికి యావజ్జీవం పడింది, ముగ్గురు నిర్దోషులుగా బయటికొచ్చారు. తుపాకీ పేల్చినవాళ్ళు ఇద్దరే కావచ్చు. ఆయన చావు వార్త విని "మంచి పనైంది" అనుకున్నవాళ్ళు ఎంతమందో!

మరి ఏం చెయ్యాలి? ప్రసంగాలు ఆపటం మన చేతిలో లేదు. మన సంతకం ఆపటం మన చేతిలో ఉంది. గణపతి చందా అడగటానికి వచ్చినప్పుడు ఇవ్వాలా వద్దా అనేది మీ ఇష్టం. కానీ ఇస్తే మాత్రం డీజేకి ఎంత, ఏ పాటలు పెడతారు, మసీదు ముందు ఆపుతారా అని అడిగి ఇవ్వండి. మసీదు కమిటీకి చందా ఇచ్చే ముస్లిం మిత్రుడు కూడా అక్కడ మాట్లాడటానికి ఎవరిని పిలుస్తున్నారో అడగాలి. అంకె ఉన్న మెసేజ్ వస్తే మూలం ఏదని ఒక్క ప్రశ్న వెయ్యండి. బంధువైనా సరే, బావమరిది అయినా సరే. పెళ్ళి భోజనాల దగ్గర "వాళ్ళంతా అంతే" అని ఎవరైనా మొదలుపెడితే, నవ్వి ఊరుకోకుండా "ఎవరు? పేరు చెప్పు" అనండి. పేర్లు అడిగితే చాలామంది దగ్గర సరుకుండదు. ఓట్లకు వచ్చినప్పుడు, నువ్వు ఫలానా చోట అన్న మాట మీద ఇంకా నిలబడి ఉన్నావా అని అడగండి.

ఇంత చిన్న పనులతో ఏమవుతుందని అంటారు. దొంగబిల్లు ఆగేది కూడా ఇలాంటి చిన్న పనితోనే. ఎక్కడో ఒక గుమాస్తా, కలం పక్కన పెట్టి, "దీనికి వోచరు ఏదీ?" అంటాడు. వాడికి ఆ రోజు ఆఫీసులో మంచిపేరు రాదు, ఎవరూ టీకి కూడా పిలవరు. కానీ బిల్లు ఆగుతుంది.