పరస్థలమున గ్రామసేవ

ఫెలోషిప్పు సంపాదించి, విదేశములకు బోయి, అచ్చటి పల్లెలలో గ్రామాభివృద్ధి కార్యము చేయు యువతులు నేడు మన యిండ్లలోనే కనబడుచున్నారు. అట్టి ప్రయాణమనగానే తల్లులకు ఉన్ని కోటులు, ఆవకాయ సీసాలు జ్ఞప్తికి వచ్చును. అవియు నవసరమే. కాని పరాయి పల్లెలో కుదురుకొనుట యెట్లో నేర్చుకొనుటకు విదేశపు పుస్తకములు తెప్పింపనక్కరలేదు. మన పొదుపు సంఘముల స్త్రీలు ఈ విద్యలో నారితేరినవారు.

పాన్‌గల్ అనగానే చరిత్ర చదివిన సోదరీమణులకు బహమనీ సుల్తాను ఫిరోజ్‌షా ముట్టడించి, విజయనగర సైన్యముచే నోడిపోయిన కొండకోట తోచును. 2016లో జిల్లాల మార్పు జరుగువరకు ఈ ప్రాంతము మహబూబునగరు జిల్లాలోనిది. ఆ జిల్లా వలసలకు పేరుపడినది. ఎన్నెన్ని ఆనకట్టలకో, కాలువలకో పాలమూరు కూలీలు దేశమంతట మన్ను మోసిరి. 2000 సంవత్సరమున నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పేదరిక నిర్మూలనకై 'వెలుగు' పథకము ప్రారంభమైనపుడు మొదట నెన్నుకొన్న యారు జిల్లాలలో నిదియొకటి. పది పదునైదుగురు స్త్రీలు సంఘముగా గూడి, వారము వారము సమావేశమై, పొదుపు సొమ్మును తమలో దామే అప్పిచ్చుకొని, వాయిదా తప్పక తీర్చి, లెక్క వ్రాయించుట అలవరచుకొనిరి. ఇది చూచియే బీహారు మొదలగు రాష్ట్రములవారు తమ పల్లెలలో సంఘములు నెలకొల్పుటకు ఆంధ్రప్రదేశపు సంఘస్త్రీలను పిలిపించుకొనిరి. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషను ఏర్పడిన పిదప ఈ పద్ధతి మరింత వ్యాపించెను.

నలుగురైదుగురు ఒక జట్టు. ఒక పల్లెలో పదునైదు దినములుండి మరియొక పల్లెకు సాగుదురు. మూడు పల్లెలు ముగియుసరికి నలువదియైదు దినములగును. అంతకాలమును బస ఊరిలోనే గాని పట్టణపు సత్రములో గాదు.

జొన్నరొట్టెకు, పల్లినూనెకు అలవాటుపడిన నోటికి బీహారు ఆవనూనె ఘాటు తొలినాడు సహింపదు. అయినను పెట్టినది తినుటయే మేలని మా యభిప్రాయము. వచ్చీరాగానే వేరుపొయ్యి పెట్టుకొన్నచో ఆ యూరి యాడువారు దూరముననే నిలిచిపోదురు. ఇక భాష. నిజాము కాలపు ఉర్దూ మన తెలంగాణపు మాటలో మిగిల్చినది కొంత యిక్కడ నక్కరకు వచ్చును. జమ, ఖర్చు, బాకీ, వసూలు, కిస్తు: అచ్చటను ఇవే మాటలు! సంఘపు పనికి వ్యాకరణముకంటె ముందు కావలసినవి ఇవియే కదా.

ముసుగు దించిన కోడండ్ర నడుమ వీరికి మర్యాద తెచ్చునది ఉపన్యాసము కాదు. తాను వడ్డీవ్యాపారి వాకిట నిలిచిన దినములను చెప్పి, తన పొదుపు పుస్తకము తెరచి చూపిన స్త్రీని వారు నమ్ముదురు. పట్టభద్రురాలైన మన యువతికి అట్టి పుస్తకము లేదు. కావున ఆమె మొదటి వారములు వినుటకే వినియోగింపవలెను.

భాషయే లేకున్నను పని నేర్వవచ్చుననుటకు రాజస్థానములోని తిలోనియా గ్రామమే సాక్షి. అచ్చట 1972లో స్థాపింపబడిన బేర్‌ఫుట్ కళాశాలలో ఆఫ్రికా పల్లెల నుండి వచ్చిన అవ్వలు, చదువురానివారు, ఆరు మాసములుండి రంగుల గుర్తులతోను, చేతి సైగలతోను సౌరదీపములు బిగించుట నేర్చికొనిరి. చేతిలో తర్జుమాచేయు ఫోను గల మన పిల్ల బెదరనేల?

అయితే పదునైదు దినములు స్వల్పకాలము. జట్టు వెడలిపోయిన పిదప సంఘము నిలుచునా, చెదరునా యనునది లెక్క వ్రాయగల స్థానిక స్త్రీ దొరకుటపై నాధారపడియున్నది. అందుచేతనే అట్టి స్త్రీని వెదకి తీర్చుట జట్టువారి పనులలో నొకటి. విదేశమునకు బోవు యువతియు తాను తిరిగివచ్చు దినమును మొదటినుండియు లెక్కలో నుంచుకొనవలెను.

ఇంటి మాటయు గలదు. ఆ దినములలో పిల్లల బడి, పాలు, పశువుల మేత యెవరివి? అత్తగారు సరేయన్నంత మాత్రమున చాలదు. భర్త ఏ పని చేయునో, మరిది ఏ పని చేయునో బయలుదేరుటకు ముందే పేరుపేరున తేల్చుకొనవలెను. ఆమెకు వచ్చు గౌరవభృతి ఆమె ఖాతాలోనే పడవలెననియు అప్పుడే చెప్పియుంచవలెను.