చదువుకూ చీటీయేనా?

మార్చి నెలాఖరు వచ్చిందంటే, పిల్లలు అమెరికాలో వున్న మన యిళ్ళలో "మీవాడికి వచ్చిందా?" అన్న ప్రశ్న వినబడుతుంది. పూర్వం మెట్రిక్ ఫలితాలు పత్రికలో పడిన రోజున యిలాగే అడిగేవారు. ఆ ఫలితానికీ, పిల్లవాడు చదివిన చదువుకూ సంబంధం వుండేది. యిప్పుడడిగేది చీటీ సంగతి.

పెద్దల కోసం దీని వివరం క్లుప్తంగా మనవి చేస్తాను. విద్యాధికులైన విదేశీయులు అమెరికాలో వుద్యోగం చేయడానికి హెచ్-1బి అనే అనుమతి వున్నది. 1990 నాటి చట్టం దీనికి యేటా 65,000 అని హద్దు పెట్టింది. నడుమ కొన్నేళ్ళు పెంచి, మళ్ళీ అక్కడికే దించారు. అక్కడ పై పట్టం పొందినవారికి 2004 నాటి చట్టం మరో 20,000 చేర్చింది. పేరు నమోదు చేయించేది పిల్లవాడు కాదు, వుద్యోగమిచ్చే కంపెనీ. పేర్లు హద్దు మించితే కంప్యూటరు చేత చీట్లు తీయిస్తారు.

2023లో 7,80,884 పేర్లు పడినవి. వాటిలో 4 లక్షలకు పైగా, వొకే మనిషికి వొకటి కంటె యెక్కువగా వేసిన చీట్లే! మరుసటి యేడు, యెన్ని కంపెనీలు వేసినా మనిషికి వొకటే చీటీ అన్నారు. సంఖ్య 4,79,953కు దిగింది. అంతదాకా వొక్క చీటీతో కూర్చున్నవాడికి యెంత అన్యాయం జరిగిందో చదువరులే వూహించుకోవచ్చు. 2026లో జీతపు తరగతిని లెక్కలోకి తెచ్చారు. పై తరగతి వానికి నాలుగు చీట్లు, అడుగు తరగతి వానికి వొకటి. అంటే కొత్తగా చదువు ముగించిన కుర్రవాడికే దారి యిరుకైంది.

మన చీటీపాటలో ఆలస్యమైనా అందరి వంతూ వస్తుంది. యీ చీటీలో అసలే రాకపోవచ్చు. హైదరాబాదు దగ్గరి చిలుకూరు బాలాజీ గుడిలో పిల్లలు వీసా కోసం 11 ప్రదక్షిణలు చేసి, పని జరిగాక 108 చేస్తారు. వారిని చూసి నవ్వకూడదు. చదువు చేతిలో వున్నా ఫలం చీటీలో వుంటే, మనిషి దేవుణ్ణి గాక యింకెవరిని అడుగుతాడు?

తలిదండ్రులకు నా మనవి రెండు మాటలు. యిల్లు తాకట్టు పెట్టి పంపదలచినవారు, చీటీ రాకపోతే ఆ అప్పు యెలా తీరుతుందో ముందే కాగితం మీద లెక్క వేసుకోవాలి. వచ్చిన తరువాత సంగతి అందరూ చెబుతారు. రానప్పటి సంగతి యెవరూ చెప్పరు. రెండవది, చీటీ రాక తిరిగి వచ్చినవాణ్ణి పరీక్ష తప్పినవాడిలా చూడకండి. సంబంధాలు మాట్లాడేవారు కూడా వాడి చీటీని కాదు, పనితనాన్ని విచారించాలి. తరాల క్రిందట మన పూర్వులు యీ పరభాషా ప్రాంతాలలో నిలదొక్కుకొన్నది, చేతిలోని పనిని నమ్ముకొనే గదా!