పట్టాల లెక్క

“మా దిక్కు ఇంగ్లిషోళ్లు రాలే. మాది నిజాం రాజ్యం.” కరీంనగర్ జిల్లాలో పుట్టి పెరిగిన నా తరం ఈ మాట వింటూనే పెద్దదైంది. బళ్లో సామ్రాజ్యవాదం పాఠంలో ప్లాసీ ఉండేది, కాంగో రబ్బరు ఉండేది, దక్షిణాఫ్రికా బంగారు గనులు ఉండేవి. మానేరు లేదు, గోదావరి లేదు. పరీక్ష రాశాం, మరిచిపోయాం.

ఆ మాట తప్పని నాకు తట్టింది కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైల్లో. పెద్దపల్లి, రామగుండం దాటాక వంతెన మీద గోదావరి, అవతల మంచిర్యాల. ఆ పైన బెల్లంపల్లి, రెబ్బెన దగ్గరి ఆసిఫాబాద్ రోడ్డు, కాగజ్‌నగర్, సిర్పూర్. ఒకచోట బొగ్గు, ఒకచోట కాగితం మిల్లు, మధ్యలో టేకు, పత్తి. ఈ దారి మనుషుల కోసం కాదు, సరుకుల్ని వెతుక్కుంటూ వచ్చిందేమో అనిపించింది. తర్వాత చదివితే అది అనుమానం కాదని తేలింది.

1883 సంగతి. దివాన్ మొదటి సాలార్‌జంగ్ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే చనిపోయాడు. నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంకా మైనరు. ఆ సందులో హైదరాబాద్ రైలును చాందా దాకా, అంటే నేటి చంద్రపూర్ దాకా, పొడిగించే పథకం ముందుకు కదిలింది. పెట్టుబడి లండన్‌లో పుడుతుంది, కంపెనీ లండన్‌లో ఉంటుంది. పెట్టిన డబ్బుకు నిజాం ఖజానా 20 ఏళ్ల పాటు ఏటా 5 శాతం వడ్డీ హామీ ఇవ్వాలి. ఈ ‘హామీ’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరులోనే అది ఉంది, మనం పట్టించుకోలేదు. రైలుకు గిరాకీ ఉన్నా లేకున్నా వాటాదారుకు వడ్డీ అందాలి. తక్కువ పడితే ఖజానా పూడ్చాలి. ఖజానా అంటే రైతు కట్టిన శిస్తు. రైలు కూతైనా వినని ఊరి రైతు కూడా లండన్ వాటాదారుకు వడ్డీ కట్టినట్టే.

ఆ షరతులేమిటో జనం ముందు పెట్టండని అడిగినవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. వాళ్లలో ముందున్నవాడు కాలేజీ ప్రిన్సిపాల్ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, సరోజినీ నాయుడి తండ్రి. అడిగినందుకు ఆయనను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. రైలు వద్దనలేదాయన, లెక్క చూపమన్నాడు. ఆ కాలపు తెలంగాణలో అంత సూటి ప్రశ్న నాకు ఇంకొకటి కనబడదు. మన పాఠాల్లో ఆయన కూతురి కవిత ఉంటుంది. ఆయన ప్రశ్న కూడా ఉండాల్సింది.

రైలు ముందు చాందాకు పోలేదు. సింగరేణి బొగ్గును అందుకుని 1889కి బెజవాడ చేరింది. ఆ బొగ్గు మీద హక్కు కూడా 1886లో లండన్‌లో పెట్టిన దక్కన్ కంపెనీదే. రాజ్యమంతటా గనుల హక్కు, 99 ఏళ్లకు. దాని వాటాల అమ్మకంలో జరిగిన మోసం మీద 1888లో బ్రిటిష్ పార్లమెంటే విచారణ సంఘం వేయాల్సి వచ్చింది.

లండన్ సొమ్ము ఇంత దూరం ఎందుకొచ్చింది? సామ్రాజ్యాలకు మూలం స్వదేశంలో చోటు దొరకని ధనికుల సొమ్మేనని ఇంగ్లండ్‌లో ఆర్థికవేత్త హాబ్సన్ 1902లో పుస్తకం రాశాడు. దక్షిణాఫ్రికా యుద్ధం చూసి వచ్చి రాశాడాయన. ఆ సొమ్ముకు జెండా కూడా అక్కర్లేదు. అర్జెంటీనా మీద బ్రిటిష్ జెండా ఎగరలేదు, గవర్నరూ లేడు. అయినా రైళ్లు ఎక్కువగా బ్రిటిష్ పెట్టుబడివే, అక్కడా లాభానికి సర్కారు హామీ ఉండేది. ఆ దేశం 1948లో తన రైళ్లను తాను కొనుక్కుంది. మన లైనును నిజాం సర్కారు 1930లో కొనుక్కుంది.

మన దగ్గర జెండా మరీ అంత దూరంలోనూ లేదు. ఆదిలాబాద్‌కు ఉత్తరాన పెన్‌గంగ, దాటితే బేరార్. నిజాం రక్షణకని బ్రిటిష్ అధికారుల కింద ఒక సైన్యాన్ని పెట్టి, ఖర్చు నిజాం మీద వేసి, బాకీ పెరిగిందని 1853లో ఆ పత్తి నేలను చేతికి తీసుకున్నారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి లాంకషైర్ మిల్లులకు దూది ఆగిపోయినప్పుడు ఆ నల్లరేగడి విలువ ఏమిటో తేలింది. అదే రోజుల్లో, 1860 ప్రాంతంలో, నిర్మల్‌లో బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడిన రాంజీ గోండును, ఆయన వెంట ఉన్నవాళ్లను ఒక మర్రిచెట్టుకు ఉరితీశారు. ఆ మర్రిని జనం వెయ్యి ఉరుల మర్రి అంటారు. ఇక ‘ఇంగ్లిషోళ్లు రాలే’ అని ఎట్లా అనగలం?

రైలుకు కర్ర కావాలి. ఇనుప పట్టాల కింద పరిచే దుంగలకు టేకు, సాల లాంటి గట్టి కలపే పనికొచ్చేది. బ్రిటిష్ ఇండియా 1864లో అడవుల శాఖ పెట్టి, 1878 చట్టంతో అడవిని రిజర్వు అని గీత గీసింది. హైదరాబాద్ అదే దారి పట్టింది. మా వైపు ఆ శాఖ పేరు జంగ్లాత్. గోండులు, కోలాములు కొన్నేళ్లు దున్ని, నేల అలిసిందని వదిలి, మళ్లీ వచ్చి దున్నుకునేవాళ్లు. వదిలిన నేల జంగ్లాత్ కళ్లకు బీడు. గీత లోపల పడింది. సొంత చేనుకు మనిషి దొంగగా పోవాల్సి వచ్చింది.

1929 నాటికి కాజీపేట–బల్లార్షా లైను పూర్తయింది. మద్రాసు, ఢిల్లీల మధ్య నేరుగా దారి పడింది. ఇనుప పట్టాల వెనకే కాగితం పట్టాలు వచ్చాయి. అవి రాయించుకున్నది ఎవరు? మహారాష్ట్ర వైపు నుంచి వచ్చినవాళ్లు, గోదావరి దాటి కరీంనగర్ వైపు నుంచి వెళ్లినవాళ్లు. అంటే మేము. అవతల జాగలు సస్తాగా దొరుకుతాయని మా పెద్దలు మురిసిపోతూ చెప్పుకునేవాళ్లు. వాళ్లు దుర్మార్గులు కారు. దొరల వెట్టి పడలేక, కరువుకు తట్టుకోలేక పోయినవాళ్లే ఎక్కువ. కాని పట్వారీ దగ్గర కూర్చుని పని చేయించుకోవడం వాళ్లకు తెలుసు, గోండుకు తెలియదు. కాస్తులో ఒకరు, కాగితంలో ఇంకొకరు. లండన్ వాటాదారు గోండును ఎన్నడూ చూడలేదు. నిజాం చూడలేదు. చేను దగ్గర ఎదురుగా నిలబడింది మా వాళ్లు. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే బరువైన పద్దు ఇదే, దాన్ని దాటవేసి సామ్రాజ్యవాదం మీద ఎంత రాసినా అబద్ధమే.

సంకెపల్లిలో పుట్టిన కొమురం భీం కుటుంబానికీ జరిగింది ఇదే. చేను కోసం జరిగిన కొట్లాటలో మనిషి చనిపోతే ఆయన పారిపోయి అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశాడంటారు. అవీ బ్రిటిష్ పెట్టుబడి తోటలే. తిరిగొచ్చి పన్నెండు గూడేల కోసం నిలబడి, 1940లో జోడేఘాట్ గుట్ట మీద నిజాం పోలీసు తూటాలకు ఒరిగిపోయాడు.

ఆ తర్వాతే సర్కారు కారణం అడిగింది. యుద్ధకాలంలో శత్రుదేశపు పాస్‌పోర్టు ఉన్నందున హైదరాబాద్ రాజ్యం దాటకూడదన్న కట్టడిలో ఉన్న ఆస్ట్రియా పరిశోధకుడు హైమెన్‌డార్ఫ్, 1941 నుంచి మార్లవాయిలో గోండుల మధ్య ఉండి చూశాడు. తుపాకి ఎత్తాల్సినంత కష్టం నేల దగ్గరే ఉందని రాశాడు. ఆయన పట్టుబట్టిన ఫలితంగా కొన్నేళ్లలో సుమారు 1,60,000 ఎకరాల మీద గిరిజనులకు లావణి పట్టాలు అందాయి. 1943లో మార్లవాయిలో గోండు పిల్లలకు వాళ్ల భాషలో బడి మొదలైంది. ఆయన భార్య బెట్టీ సమాధి ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది.

రైలు రాకపోతే సింగరేణి కొలువులెక్కడివి, మీ చదువులెక్కడివి అని అడుగుతారు. నిజమే, ఆ రైలెక్కే నేను చదువుకున్నాను. వచ్చిన లాభం కాదనను. ఆ లాభానికి ఖర్చు ఎవరి పేర రాశారో చూడమంటున్నాను. 1970లో గిరిజన భూముల చట్టాన్ని ఎంత బిగించినా, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి మాట మాట్లాడటానికి కూడిన గోండుల మీద కాల్పులు జరిగాయి. అప్పటికి నిజామూ లేడు, లండన్ కంపెనీ లేదు. గీత మాత్రం ఉంది.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రమంతటా నాలుగు లక్షల ఎకరాలకు పైగా అన్నారు. రెబ్బెన వైపు నుంచి రైలు కూత వినిపించే ఊళ్లలో కొందరి చేతికి ఆ కాగితం వచ్చింది. రానివాళ్లు దరఖాస్తు రసీదు దాచుకుని, వానాకాలం వస్తే అదే చేను దున్నుతున్నారు.