కొలువు నడుమ దూరప్రయాణము

మన యిండ్లలో దేశాటనమునకు ఒక కాలము నిర్ణయింపబడియున్నది. పిల్లల పెండ్లిండ్లు ముగిసి, ఉద్యోగవిరమణమై, గ్రాట్యుయిటీ సొమ్ము చేతికందిన పిమ్మట, మోకాళ్ళు సహకరించినంతవరకు కాశికో, బదరికో, అమెరికాలోని కొడుకింటికో పోయివచ్చుట మర్యాద. ముప్పదియేండ్ల యువకుడు, అందునా యువతి, సాగుచున్న ఉద్యోగమును ఒక యేడాది నిలిపి మోటారుసైకిలుపై ఒంటరిగా పరదేశములు తిరిగివచ్చెదనన్నచో ఇల్లంతయు ఉలికిపడును. ఆ ఉలికిపాటులోని ప్రేమను నేను తక్కువచేయను. అయినను అట్టి యాత్రకు తగిన వయస్సు అదియే యనియు, వెళ్ళినవారికి కొలువున చోటు నిలిపియుంచుట మన ధర్మమనియు నా దృఢవిశ్వాసము.

ఇది మనకు బొత్తిగా క్రొత్తయును కాదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా నున్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశి చేరి, మరుసటి యేడు సెప్టెంబరులో ఇల్లు చేరెను. ఆయనవెంట పెద్ద పరివారముండెను గనుక అది ఒంటరి యాత్ర కాదు. కాని దారిలోని ఊళ్ళను, అంగళ్ళను, నీటివసతులను, జనుల నడవడిని ఆయన అంత నిశితముగా గుర్తించి వ్రాయగలుగుటకు కారణము, నిత్యము పనిచేయుచున్న బుద్ధితో బయలుదేరుటయే యని నాకు తోచును.

ఎల్స్‌పెత్ బియర్డ్ అను ఆంగ్లయువతి వృత్తాంతము చదివినప్పుడు ఈ నమ్మకము నాలో స్థిరపడినది. లండనులో వాస్తుశిల్ప విద్య సగములో నుండగా, మధుశాలలో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో, తన 1974 నాటి బి.ఎం.డబ్ల్యు. మోటారుసైకిలును ఓడకెక్కించి, 1982లో, ఇరువదిమూడవయేట, ఆమె న్యూయార్కునకు పయనమయ్యెను. అమెరికాను దాటి ఆస్ట్రేలియా చేరుసరికి డబ్బు అడుగంటగా, సిడ్నీలో ఒక వాస్తుశిల్పుల కార్యాలయమున నెలల తరబడి పనిచేసి దారిఖర్చు సంపాదించుకొనెను. అల్యూమినియము రేకులను వంచి, రివెట్లు బిగించి, తాళము వేయదగిన పెట్టెలను బండికి స్వయముగా అమర్చుకొనినది కూడ అచ్చటనే. పుస్తకములలో గీతలుగా నేర్చిన లోహమును చేతితో మడచి, ఎండకు వానకు అది ఎట్లు నిలుచునో వేలమైళ్ళ బాటపై పరీక్షించిన విద్యార్థినికి ఏ కళాశాల అంతకంటె మంచి పాఠము చెప్పగలదు?

తల్లిదండ్రుల భయములు నిరాధారములని చెప్పబోను; ఆమెకు అవన్నియు నిజముగనే సంభవించినవి. సింగపూరులో పాస్‌పోర్టు, పత్రములు దొంగలపాలయ్యెను. థాయిలాండులో బండికి కుక్క అడ్డురాగా పడి గాయపడిన ఆమెను, భాష తెలియని ఒక కుటుంబము ఇంట నుంచుకొని, కోలుకొనువరకు అన్నము పెట్టెను. ఏ నగరమునుండి వీరాస్వామయ్య కదలెనో ఆ మద్రాసు రేవుననే దిగి, మన దేశమంతయు చూచి, పంజాబున విదేశీయుల ప్రవేశము నిషిద్ధమైయుండిన 1984లో నానా అవస్థలుపడి సరిహద్దు దాటి, మధ్యలో కామెర్ల జబ్బుతో క్రుంగి, ఆ యేటి చివర ఆమె ఇల్లు చేరెను. తోడెవ్వరును లేకపోవుటచేతనే ఆ థాయి ఇంటి వాకిలి ఆమెకు తెరచుకొన్నదని నేను గట్టిగా నమ్ముదును. నలుగురు కలిసి పోయినచోట ఆ నలుగురే లోకమై, పరాయివాని పలుకు చెవికెక్కదు.

తిరిగివచ్చిన పిమ్మట ఆమె చదువు పూర్తిచేసి వాస్తుశిల్పి అయ్యెను. సర్రేలోని మన్‌స్టెడ్‌లో పాడుపడిన ఒక పాత నీటి బురుజును కొని నివాసముగా మార్చగా, 1994లో దానికి బ్రిటిష్ వాస్తుశిల్పుల సంస్థ పురస్కారము లభించెను. రెండేండ్ల విరామము వృత్తికి చేసిన చెరుపేదో నాకు కానరాదు.

ఇక మన హైదరాబాదు, విశాఖపట్టణముల యువజనులకు గల చిక్కు ధైర్యము కొరవడుట కాదు. మన బండిని పెక్కు దేశములకు కొనిపోవలెనన్న కార్నెట్ అను పత్రపుస్తకము కావలెను. ప్రవేశమునకొక ముద్ర, నిష్క్రమణమునకొక ముద్ర, బండిని పరదేశమున అమ్మివేయకుండ తిరిగి తెచ్చుటకు హామీగా ముందే చెల్లింపవలసిన సొమ్ము. దానికై కొందరు బంగారము కుదువబెట్టుటకైనను సిద్ధమే. కాని ఉద్యోగమునకు రాజీనామా యిచ్చి పోవలసివచ్చినప్పుడు, అప్పు తీర్చవలసినవాడును, తల్లిదండ్రులను పోషింపవలసినదియు అచ్చటనే ఆగిపోవుదురు. ఆడపిల్లకు పెండ్లిమాట మరియొక అడ్డు. ప్రభుత్వోద్యోగులకు జీతము లేని అసాధారణ సెలవు నియమములలో కలదు; అదియు పై అధికారి దయపై ఆధారపడును. ప్రైవేటు సంస్థలలో పెక్కింట ఆ మాత్రమును లేదు. ఐదేండ్లు నమ్మకముగా పనిచేసినవారికి జీతము లేకుండ ఒక యేడాది సెలవును, తిరిగివచ్చినప్పుడు అదే హోదాలో చోటును ఇత్తుమని నియామకపత్రముననే వ్రాసియిచ్చుటకు ఈ సంస్థలు పూనుకొనవలెను. మొదటి సంవత్సరము నూటికొక్కరు కూడ అడుగకపోవచ్చును; అడిగిన ఆ ఒక్కరికి మాత్రము అది మాటగా గాక లిఖితమైన హక్కుగా ఉండవలెను.